ఆగిన లిఫ్టుకి అయిదు గడుల ప్రాంప్టు

నాయకుడన్నవాడు ఇకమీదట ఏ నిర్ణయమూ తీసుకోనక్కర్లేదు! ఈ శుభవార్త మీ చెవిన వేసేదాకా నాకు ముద్ద దిగేలా లేదు.

నవ్వుతున్నారా? సరే, మీరే చెప్పండి. నిర్ణయం తీసుకుని బాగుపడ్డవాణ్ణి మీరెక్కడైనా చూశారా? ఇంట్లో 'ఇవాళ కూరేం చెయ్యను?' అని అడిగినప్పుడు నోరు తెరిచి ఒక కూర పేరు చెప్పి చూడండి. ఆ పూట ఉప్పెక్కువైనా, అడుగంటినా, మిగిలిపోయినా తప్పు మీదే! అదే 'నీ ఇష్టం' అని చూడండి. హాయిగా తిని, చేయి కడుక్కుని, వంకలు కూడా పెట్టొచ్చు.

మా అపార్ట్‌మెంటు సంఘానికి ఇంతకుముందున్న ప్రెసిడెంటుకి ఈ చిన్న రహస్యం తెలియదు. పాపం, ఒక నిర్ణయం తీసేసుకున్నాడు. బిల్డింగుకి పసుపు రంగు వేయించాడు. వేయకముందు 'బ్రహ్మాండం' అన్నవాళ్లం మేమే, వేశాక 'కామెర్ల కొంప' అన్నవాళ్లమూ మేమే. ఇప్పటికీ మా పిల్లలకి ఆయన కామెర్ల అంకులే. మనిషి వెనక గేటులోంచి వస్తూ పోతూ కాలం గడుపుతున్నాడు.

ఇలా నలిగిపోతున్న నాయకులను ఆదుకోవడానికి వచ్చిందండీ ఏఐ! అందులోనూ ఉత్త ఏఐ కాదు. స్ట్రక్చర్డ్ ప్రాంప్టింగ్! పేరు వింటేనే సగం బాధ్యత దిగిపోయినట్టు లేదూ?

ఆయన తర్వాత వచ్చిన ప్రెసిడెంటుది కళ్లజోళ్ల షాపు. మెత్తటి మనిషి. జనం ముక్కుల మీద అద్దాలు మార్చి మార్చి 'ఇది బాగుందా అండీ, ఇంతకుముందుది బాగుందా?' అని అడగడమే ఆయన వృత్తి. ఏది బాగుందో తేల్చాల్సింది ఎప్పుడూ ఎదుటివాడే. ఆ గుణం చూసే మేమాయన్ని ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం. ఇలాంటివాడు మన నెత్తిన ఏదీ రుద్దడు కదా అని మా ధీమా.

అయినా పదవి పదవే. ఆ పసుపు గోడలు కంటపడినప్పుడల్లా ఆయన గుండెలో రాయి పడేది. సరిగ్గా అలాంటి సమయంలో 'హౌసింగ్ నాయకులకు వ్యూహాత్మక నిర్ణయాలపై ఒకరోజు శిక్షణ' అని పిలుపొచ్చింది. పొద్దున వెళ్లినవాడు సాయంత్రానికి వేరే మనిషై తిరిగొచ్చాడు.

అక్కడ కోటేసుకున్న ట్రైనరొకడు ఏఐని అడిగే ప్రశ్నకి, అంటే ప్రాంప్టుకి, అయిదు గడులు నేర్పాడట. మొదటి గడిలో ఏఐకి నువ్వు ఫలానా అని ఒక పాత్ర ఇవ్వాలి. రెండో గడిలో సంగతేంటో చెప్పాలి. మూడోదాంట్లో మనకేం కావాలి, నాలుగోదాంట్లో ఏమేం కూడదు, అయిదోదాంట్లో జవాబు ఏ రూపంలో కావాలి. గడులు నిండాయా, నిర్ణయం దానంతటదే ఊడిపడుతుంది.

"నిర్ణయం దానిది, తీర్మానం సంఘానిది. నా మీదికేమీ రాదు" అని మెట్ల దగ్గర నాతో అన్నప్పుడు ఆయన మొహంలో వెలుగు చూడాలి మీరు!

ఆ వారమే మా లిఫ్టు ఆగిపోయింది.

పూర్తిగా చచ్చిపోయిందని కాదు. మీట నొక్కితే తలుపులు మూసుకునేవి. కాసేపు ఆలోచించేది. మళ్లీ తెరుచుకునేవి. ఎక్కినవాళ్లం ఎక్కినచోటే ఉండేవాళ్లం. మా కమిటీ సమావేశాలకి వెళ్లివచ్చిన అనుభవం ఉండబట్టి మాకది పెద్దగా కొత్తనిపించలేదు.

మామూలుగా అయితే లిఫ్టు లేకపోతే ఏమవుతుంది? మోకాళ్లు అరుగుతాయి. నాలుగో అంతస్తువాణ్ణి, ఆ మాత్రం నాకు తెలుసు. కానీ అయిదో అంతస్తులో నర్సమ్మగారుంది. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. తుంటి ఆపరేషనయింది. మెట్ల జోలికి వెళ్లావంటే మళ్లీ కోయాల్సిందేనని డాక్టరు గట్టిగా చెప్పాడు. రోజూ సాయంత్రం ఆవిడ లిఫ్టులో దిగి, కింద అంతస్తులో ఉండే ప్రెసిడెంటుగారి అమ్మతో పార్కింగులో బల్ల వేసుకుని పేకాడుతుంది. డబ్బుల్లేని ఆట. పౌరుషం మాత్రం బోలెడు. ఒకరినొకరు 'వదినా' అనుకుంటారు, ఇద్దరూ తొండాడతారు, ఇద్దరూ దొరికిపోతారు. ఆ కాసేపటి కోసమే మిగతా రోజంతా నెట్టుకొస్తారని బిల్డింగులో అందరికీ తెలుసు.

లిఫ్టు ఆగిన రోజు నుంచీ ఆవిడ పైన, ఈవిడ కింద.

"ఒరేయ్, వదిన దిగాలిరా. త్వరగా ఏదో ఒకటి చెయ్యి" అంది తల్లి.

"వ్యూహాత్మకంగా చేస్తున్నాం అమ్మా" అన్నాడు ప్రెసిడెంటు.

కమిటీ కూర్చుంది. ప్రెసిడెంటు లాప్‌టాప్ తెరిచి, చేయి తిరగని రోజులు కాబట్టి గడుల సంగతి మరిచిపోయి, 'లిఫ్టు ఆగిపోయింది, ఏం చెయ్యాలి?' అని ఉత్తినే అడిగేశాడు. 'లిఫ్టు కంపెనీకి ఫోన్ చేయండి' అని జవాబొచ్చింది.

కమిటీ అంతా మొహమొహాలు చూసుకున్నారు. ఇంతేనా? ఇంత పెద్ద ఏఐ, ఇంత చిన్న జవాబా?

"ఇదైతే మా మూడో తరగతి మనవడు కూడా చెబుతాడు" అంది సెక్రటరీ. ఆవిడ లాయరు. జవాబు ఒక్క పేజీకి తగ్గితే ఆవిడకి అవమానం. "అడగడంలోనే లోపముంది. గడులేవీ?"

సరేనని మొదటి గడి దగ్గర కూర్చున్నారు. ఏఐకి ఏం పాత్ర ఇవ్వాలి? 'ముప్ఫై ఏళ్ల అనుభవమున్న హౌసింగ్ నాయకుడివి' అని ప్రెసిడెంటు మొదలుపెట్టాడు. అనుభవముంటే ఖర్చు పెట్టిస్తాడు, 'పొదుపరివి' అని చేర్చమన్నాడు ట్రెజరర్. 'చట్టం తెలిసినవాడివి' అని చేర్చమంది లాయరమ్మ. రెండో అంతస్తులో ఒకాయనున్నాడు. మధ్యాహ్నం నిద్రకి ఏ చిన్న భంగం కలిగినా వాట్సాప్ గ్రూపులో పేజీలకి పేజీలు రాస్తాడు. మేమంతా కునుకుగారు అంటాం. ఆయన 'నెమ్మదస్థుడివి' అని రాయించాడు. ఆ పైన 'ఏ అంతస్తులోనూ చుట్టాలు లేనివాడివి' అని ఎవరో అన్నారు. దానికి చప్పట్లు పడ్డాయి.

చివరికి తయారైన మనిషిని చూసి అందరం మురిసిపోయాం. "ఇలాంటివాడు దొరికితే మనమే ప్రెసిడెంటుని చేసుకునేవాళ్లం కదండీ" అన్నాడు కునుకుగారు. ప్రెసిడెంటు కూడా నవ్వాడు. కాస్త ఆలస్యంగా నవ్వాడు.

మూడో గడి దగ్గర పెద్ద చర్చే జరిగింది. 'లిఫ్టు బాగవ్వాలి' అని రాస్తే మరీ నాటుగా ఉందన్నారు. దాన్ని 'నిలువు ప్రయాణ రంగంలో నివాసుల దీర్ఘకాలిక సంతృప్తి' అని మార్చారు. చదువుతుంటేనే ఒంట్లో ఏదో తెలియని గౌరవం పుట్టింది!

అసలు మజా నాలుగో గడిలో ఉంది. ఏమేం కూడదు? ప్రజాస్వామ్యం కదా, అందరినీ అడిగారు. మధ్యాహ్నం చప్పుడు కాకూడదు. కరెంటు తీయకూడదు. మేంటెనెన్స్ పెరగకూడదు. పనివాళ్లు బూట్లతో మెట్లెక్కకూడదు, పనివాళ్లు లిఫ్టు వాడకూడదన్న పాత నిబంధన సడలకూడదు. అన్నిటికీ మించి, రిపేరు పేరు చెప్పి లిఫ్టుని ఆపకూడదు!

"అది ఆగే ఉంది కదమ్మా?" అని నేను అమాయకంగా అడిగాను.

లాయరమ్మ నావైపు జాలిగా చూసింది. "అది దానంతటదే ఆగింది. మనం ఆపితే బాధ్యత మనదవుతుంది."

అప్పుడు గానీ నాకు జ్ఞానోదయం కాలేదు.

జవాబొచ్చింది. ఎంత మర్యాద, ఎంత వినయం! ఈ షరతులన్నీ ఉంటే రిపేరు సాధ్యం కాదనీ, ఒకటి రెండు సడలిస్తే వీలవుతుందనీ చెప్పి, చివర్లో 'ఇంతకీ మీరు లిఫ్టు కంపెనీకి ఫోన్ చేశారా?' అని అడిగింది.

కమిటీకి ఒళ్లు మండింది. మనం ప్రశ్న అడిగితే అది ఎదురు ప్రశ్న వేస్తుందా? ట్రైనరుకి ఫోన్ చేశారు. గమనించండి, ఫోన్ చేయడం వాళ్లకి రాకపోలేదు. 'ఎదురు ప్రశ్నలు వేయకూడదు అని నాలుగో గడిలో చేర్చండి. మూడు మార్గాలు పట్టికలో ఇమ్మని అయిదో గడిలో రాయండి' అన్నాడతను.

అలాగే రాశారు. ఈసారి చూడాలి దాని పనితనం! మొదటి మార్గం, లిఫ్టు బాగుచేయించడం. చప్పుడు ఉంది, ఖర్చు ఉంది, నింద పడే అవకాశం ఉంది. రెండో మార్గం, కొత్త లిఫ్టు. అన్నీ ఇంకా ఎక్కువ ఉన్నాయి. మూడో మార్గం, ఉన్నదున్నట్టు ఉంచడం. చప్పుడు లేదు, ఖర్చు లేదు, నింద అసలే లేదు. పెట్టిన షరతులన్నిటికీ తూచినట్టు సరిపోయింది. దానికి లాయరమ్మ 'నిలకడ వ్యూహం' అని పేరు పెట్టింది. రంగుల్లో ప్రింటు తీయించి లిఫ్టు తలుపుకే అంటించారు.

ఇంతకంటే వరం ఏం కావాలండీ? ఆ నిలకడ వ్యూహం పుణ్యమా అని నా పొట్ట తగ్గింది. ఏ అంతస్తులో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో ఎక్కుతూ దిగుతూ తెలుసుకున్నాను. రెండో అంతస్తు మలుపులో ఆయాసం తీర్చుకుంటూ నిలబడితే మూడు ఇళ్ల టీవీలు ఒకేసారి వినిపిస్తాయి. లిఫ్టు ఉన్న రోజుల్లో ఈ విజ్ఞానం ఎక్కడిది? పక్కింటి అల్లుడు మామగారింటికి రావడమే మానేశాడని, మామగారు కమిటీకి కృతజ్ఞతలు కూడా చెప్పుకున్నాడు!

ఇక పేకాట అంటారా? దానికీ టెక్నాలజీ ఉంది. ప్రెసిడెంటే తల్లికి ఫోన్ స్పీకరు పెట్టడం నేర్పాడు. పైన ఒక పేకదస్తా, కింద ఒక పేకదస్తా.

"నీ చేతిలో ఏముందో నాకెలా తెలుస్తుంది వదినా?" అని పైనుంచి నర్సమ్మ.

"నా మీద నమ్మకం లేదా?"

"ఎదురుగా కూర్చుంటేనే లేదు. ఫోన్లో ఎలా ఉంటుంది?"

మొదటి సాయంత్రం ఈవిడ మూడుసార్లు గెలిచింది. రెండో సాయంత్రం ఆవిడ పంచకముందే గెలిచేసింది. ఆ తర్వాత ఆట ఆగిపోయింది. తొండి పట్టుకునేవాళ్లు లేకపోతే తొండిలో రుచేముంది? మా పార్కింగులో బల్ల గోడకి చేరగిలబడింది. ప్రెసిడెంటు తల్లి సాయంత్రం పూట పడుకోవడం మొదలుపెట్టింది. ఆ మనిషి పగలు పడుకోవడం ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదట. తలుపు దగ్గర నిలబడి చూసి, పిల్లిలా నడిచి వెళ్లి, మళ్లీ గడుల ముందు కూర్చున్నాడట.

ఇంతలో నర్సమ్మ ఇల్లు ఖాళీ చేస్తోందన్న వార్త దిగింది. ఆవిడ చెల్లెలు ఊరి ఆ చివర కింద అంతస్తులోనే ఒక ఫ్లాటు చూసింది. ఆదివారం లారీ వస్తుంది. నలుగురు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి ఆవిణ్ణి దింపుతారు.

కమిటీ తక్షణం స్పందించింది. కుర్చీ మోసేవాళ్లు బూట్లతో మెట్లెక్కవచ్చా అన్నదాని మీద కొత్త ప్రాంప్టు తయారుచేయడానికి ఒక ఉపసంఘం వేసింది.

ఆ సాయంత్రం ప్రెసిడెంటు తల్లి తన కొడుకు షాపుకెళ్లింది. కళ్లు ఆనట్లేదంటూ కుర్చీలో కూర్చుంది. ఆయన కళ్లు పరీక్షించే ఆ పెద్ద చట్రం ఆవిడ ముక్కు మీద పెట్టి అద్దాలు మార్చడం మొదలుపెట్టాడు.

"ఇది బాగుందా అమ్మా, ఇంతకుముందుది బాగుందా?"

"రెండూ ఒకటే."

"ఇప్పుడు?"

"ఒరేయ్, నా కళ్లు బాగానే ఉన్నాయి. ఇంట్లో నువ్వా కంప్యూటరు ముందు నుంచి లేవవు. ఇక్కడైతే నా మొహం చూడక తప్పదని వచ్చా." ఆవిడ చట్రం తీయలేదు. "ఆదివారం వదిన వెళ్లిపోతోంది."

"తెలుసమ్మా. దాని మీదే ఒక కొత్త..."

"ఆ మిషనుకి నువ్వు ఫలానా అని రాసిచ్చారటగా?"

"అవును. పాత్ర అంటారు. హౌసింగ్ నాయకుడివని ఇచ్చాం."

"దాన్ని నాయకుణ్ణి చేశారు, బాగానే ఉంది. మరి నువ్వెవరివిరా?"

ఆయన ఇంకో అద్దం తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"కంపెనీకి ఫోన్ చెయ్యమని అది మొదటిరోజే చెప్పిందని వదిన అంది. చెయ్యలేదేం?"

"చేస్తే నేను చేశానంటారమ్మా."

"అననీ. నేనూ అంటా, మా అబ్బాయి చేశాడని."

ఆయన అద్దాలు పెట్టెలో సర్దడానికి చాలాసేపు పట్టింది. సర్ది, షాపు మూసి, తల్లిని ఇంట్లో దింపి, తిన్నగా వెళ్లి లిఫ్టులో నిలబడ్డాడు. కంపెనీ నంబరు ఎక్కడుందనుకున్నారు? లిఫ్టు లోపలే, అద్దం కింద. లిఫ్టు పెట్టిన రోజు నుంచీ అక్కడే ఉంది. రోజూ అందులో జుట్టు సవరించుకుంటూ అందరం దాన్ని చూసినవాళ్లమే.

ఫోన్ చేశాడు. అవతల ఒకమ్మాయి ఎత్తింది. అడ్రసు రాసుకుంది, ఏమైందో రాసుకుంది. "మనిషిని పంపమని ఎవరు చెప్పారని రాసుకోను సార్?" అంది.

ఆయనకి 'కమిటీ' అందామని నోటిదాకా వచ్చింది. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. కాసేపు ఆలోచించాయి. తెరుచుకున్నాయి.

"నేనే" అన్నాడు. "ప్రెసిడెంటుని. నేనే పంపమన్నానని రాసుకోండి." అడక్కపోయినా పేరు కూడా చెప్పాడు. తర్వాత ఈ సంగతంతా ఆయనే నాతో చెప్పాడు.

మెకానిక్కు మర్నాడు వచ్చాడు. వచ్చినవాడు సరిగ్గా మధ్యాహ్నం కునుకు వేళకే వచ్చాడు! బూట్లతో మెట్లెక్కాడు. కరెంటు తీశాడు. సుత్తితో కొట్టాడు. నాలుగో గడిలో ఉన్న ఒక్క షరతూ వదలకుండా అన్నీ తుంగలో తొక్కాడు. కాలిపోయిన ముక్కేదో తీసేసి కొత్తది పెట్టి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

సాయంత్రం లిఫ్టు తలుపులు కింద తెరుచుకున్నాయి. లోపల చేతికర్రతో నర్సమ్మ. ప్రెసిడెంటు తల్లి అప్పటికే బల్ల తుడిచి కూర్చుంది. నర్సమ్మ కూర్చున్నాక ఈవిడ ఆవిడ చేయి రెండు చేతుల్లోకి తీసుకుంది. "లారీవాడికి వద్దని చెప్పా. ముందు చేతులు తియ్, ముక్కలు దాచేస్తున్నావ్" అంది నర్సమ్మ. కళ్లు మాత్రం తుడుచుకుంటూనే అంది.

అయ్యా, అమ్మా, ఇంతవరకూ చదివి మీరు సంతోషిస్తున్నారు కదూ? నాకు తెలుసు. మీరూ మా ప్రెసిడెంటులాగే అమాయకులు.

అత్యవసర సర్వసభ్య సమావేశం పెట్టారు. పార్కింగులో కుర్చీలు వేశారు. ప్రెసిడెంటు ఎన్నికలకి ఎవరూ నిలబడరని ప్రతి ఏడూ వాపోయే సంఘం, ఆ రోజు కుర్చీలు చాలనంతగా వచ్చింది.

"లిఫ్టు బాగయింది. అది వేరే విషయం" అంది లాయరమ్మ. "ఎలా బాగయిందన్నదే ఇక్కడ ప్రశ్న. పాత్ర లేదు, నేపథ్యం లేదు, పట్టిక లేదు. ఒక మనిషి తనకి తోచినట్టు ఫోన్ చేసేశాడు! రేపు ఇంకేం చేస్తాడో?"

కునుకుగారు తన పగటినిద్ర పోయిన వైనం ఆరున్నొక్క రాగంలో వినిపించాడు. ట్రెజరర్ మెట్ల మీద బూటు గుర్తుల ఫోటోలు చూపించాడు. సొంత తల్లి పేకాట కోసం అధికారం వాడుకున్నాడని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. ఏఐ చెబితే చేశానని అనేయమని నేను ఆయన చెవిలో ఊదాను. నిజానికి అది చెప్పిందే కదా! తప్పించుకోవడానికి అంత రాజమార్గం ఉంది.

ఆయన లేచి నిలబడ్డాడు. "దానిదేం లేదండీ. నేనే చేశాను" అని కూర్చున్నాడు.

ఇంకేముంది? మనిషి దొరికిపోయాడు. ప్రెసిడెంటుని తొలగించాలన్న తీర్మానం పెట్టారు. మూలన బల్ల దగ్గర నర్సమ్మ, ఆయన తల్లి మాత్రం చేతులెత్తలేదు. ఆ చేతుల నిండా పేకముక్కలున్నాయి.

మిగతా అందరం ఎత్తాం. ఆ చేతులెత్తడానికి పై అంతస్తులవాళ్లమంతా లిఫ్టులోనే దిగి వచ్చాం.